ఓటు వేయనివారిని ఎవరైనా అడిగినారా?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన సంఘాలకు ఒక అలవాటు ఉన్నది. కార్యవర్గం సమావేశమవుతుంది. "మన నేత కుటుంబాలవారందరూ తప్పక ఓటు వేయవలెను" అని తీర్మానం జరుగుతుంది. ఆ తీర్మానాన్ని కరపత్రంగా అచ్చు వేయించి, పేటలో పంచి, గుడి గోడకు ఒకటి అంటించి, మన పని అయినదనుకుంటాము. పోలింగు మరునాడు పత్రికలో లెక్కలు చూచి, "మనవాళ్లకు శ్రద్ధ లేదండీ, ఎంత చెప్పినా ఇంతే" అని ఒకరితో ఒకరం అనుకుంటాము. ఐదేండ్లకు మళ్లీ అదే కరపత్రం వస్తుంది. అందులో తేదీ మాత్రం మారుతుంది.

మనవాళ్ల మీద మనమే మోపుతున్న ఈ నేరం నిజమా కాదా అని ఒకసారి విచారించవలసివున్నది. మా మట్టుకు మేము అది నిజం కాదనే అభిప్రాయానికి వచ్చినాము. శ్రద్ధ లేనిది ఓటర్లకు కాదు, ఓటర్లను గూర్చి తెలుసుకొనుటలో మనకే శ్రద్ధ లేదు. ఈ మాట కొందరు పెద్దలకు రుచించకపోవచ్చును. చెప్పక తప్పదు.

మా తప్పుతోనే మొదలుపెట్టుట న్యాయం. 2024లో లోక్‌సభ ఎన్నికలకు మా షోలాపూర్‌లో మే 7న పోలింగు జరిగినది. దానికి పదిహేను రోజుల ముందే మేము కరపత్రం వేయించినాము. భాష బాగున్నదని మేమే మెచ్చుకున్నాము. ప్రజాస్వామ్య సౌధం, పవిత్ర హక్కు, పూర్వుల త్యాగం ఇత్యాదులన్నీ అందులో ఉన్నవి. ఎన్నికలైన తరువాత వేరే పని మీద తూర్పు పేటలో కొన్ని ఇండ్లకు వెళ్లినప్పుడు, ఒక ఇంట్లో కండెల పెట్టె అడుగున మా కరపత్రం పరచివున్నది. ఆ ఇంటి అమ్మాయి కాలేజీలో చదువుతున్నది. "చదివినావా తల్లీ?" అని అడిగినాము. "నాకు తెలుగు మాట్లాడొస్తది, చదవ రాదు కాకా. మరాఠీల ఉంటె చదివేదాన్ని" అన్నది. ఇంత కాలం తెలుగు పత్రిక నడుపుతున్న మాకు ఆ మాట ఎట్లా తగిలివుంటుందో పాఠకులే ఊహించుకోగలరు. మూడు తరాల నుండి మరాఠీ బడులలో చదువుతున్న పిల్లలకు మనం తెలుగు కరపత్రం ఇచ్చినాము. చదువే రాని అవ్వలకు కూడా అదే కరపత్రం ఇచ్చినాము.

అదే ఇంట్లో అరుగు మీద బీడీలు చుట్టుతున్న పెద్దమ్మను ఓటు సంగతి అడిగితే చేతిలో ఆకు కింద పెట్టి మా వైపు చూచినది. "ఓటెయ్యనని ఎవలన్నరు బిడ్డా? బడి కాడికి పోయిన. పేరు లేదన్నరు. ఎండల మల్ల ఇంటికొచ్చిన." పక్కింటి సాంచాల కార్మికుడిది మరొక కథ. అతని పేరు జాబితాలో ఉన్నది. ఓటు వేసే కోరికా ఉన్నది. "పీసు లెక్కన మజూరీ. సాంచా ఆగితే ఆ పూట కూలి ఎవలిస్తరు? సాయంత్రం పోదామనుకున్న, పాళీ అయ్యేసరికి బడి మూసిన్రు" అన్నాడు.

ముగ్గురిలో ఒక్కరికీ శ్రద్ధ లేకపోలేదు. ఒకరికి లిపి అడ్డు. ఒకరికి జాబితా అడ్డు. ఒకరికి ఆ పూట కూలి అడ్డు. మా కరపత్రం ఈ మూడింటిలో దేనినీ తాకలేదు. రోగమేమిటో అడగకుండా అందరికీ ఒకే కషాయం పోసే వైద్యుని వలె మేము ప్రవర్తించినాము.

ఇది ఇప్పుడు పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలోని చికాగో నగరంలో 1923లో మేయరు ఎన్నిక జరిగినప్పుడు అక్కడి విశ్వవిద్యాలయపు ఆచార్యులు చార్లెస్ మెరియం, హెరాల్డ్ గాస్నెల్ అనేవారు ఓటు వేయని సుమారు 6,000 మందిని కలుసుకొని, ఎందుకు వేయలేదో అడిగించినారు. ఆ వివరాలు 1924లో పుస్తకంగా వచ్చినవి. పిమ్మట గాస్నెల్ మరొక అడుగు వేసి, 1924 ఎన్నికలలో కొన్ని వేల మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి నమోదు చేసుకొమ్మని చీటీలు పంపి, రెండవ భాగానికి పంపకుండా, ఎవరు ఎక్కువగా కదిలినారో చూచినాడు. మన పాఠకులు గమనించవలసిన విశేషం ఒకటి ఇందులో ఉన్నది. చికాగో అప్పుడు బయటి దేశాల నుండి కూలికి వచ్చినవారి నగరం. అందువలన ఆ చీటీలు ఇంగ్లీషులోనే గాక పోలిష్, చెక్, ఇటాలియన్ భాషలలో కూడా వేయించినారు. ఎవరింటికి ఏ భాష పోవలెనో ముందు తెలుసుకున్నారు. నూరేండ్ల క్రితం వారికి తోచినది 2024లో మాకు తోచలేదు.

ఆ పిమ్మట చాలా కాలం ఈ విధమైన పరీక్షలు అంతగా సాగలేదు. 1998లో న్యూహేవన్ అనే ఊరిలో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే ఇద్దరు పండితులు సుమారు 30,000 మంది ఓటర్ల మీద మళ్లీ చేసినారు. కొందరి ఇంటికి మనిషిని పంపినారు, కొందరికి టపా పంపినారు, కొందరికి టెలిఫోను చేయించినారు, కొందరిని అట్లే వదిలినారు. మనిషి వెళ్లి తలుపు తట్టి మాట్లాడినచోట ఓటు వేసినవారు నూటికి 8, 9 పాళ్లు పెరిగినారు. టపా వలన ఒక్కొక్క ఉత్తరానికి నూటికి ఒక పాలు కూడా పెరగలేదు. టెలిఫోను వలన ఏమీ కాలేదు. ఇప్పుడు మన సంఘాల యువకులు వాట్సాప్‌లో సందేశం పంపి, రెండు నీలి గీతలు పడగానే పని అయినదనుకుంటున్నారు. వాట్సాప్ మీద న్యూహేవన్‌లో పరీక్ష జరగలేదు, నిజమే. ఐనా గీతలు పడినంతలో కాళ్లు కదలవని మా అనుమానం.

ఐతే అమెరికా అంకెలను తెచ్చి మన పేటకు అతికించరాదు. అక్కడ జాబితాలో పేరున్నవారి మధ్యనే ఆ పరీక్ష జరిగినది. మన తిప్పలు జాబితా దగ్గరనే మొదలవుతున్నవి. మన సంగతికి మిక్కిలి దగ్గరగా ఉన్నది మన దేశంలోనే, ఢిల్లీ, లక్నో నగరాలలో జరిగిన ఒక పరిశోధన. నిఖర్ గైక్వాడ్, గరెత్ నెల్లిస్ అనే ఇద్దరు దానిని జరిపించి 2021లో ప్రకటించినారు. వేరే ఊళ్ల నుండి బ్రతుకుతెరువుకు వచ్చి నగరంలో స్థిరపడినవారు అక్కడి ఓటర్ల జాబితాలో ఎందుకు చేరరు అన్నది ప్రశ్న. మనలో అందరూ చెప్పే జవాబు మనకు తెలిసినదే. "వాళ్ల మనసంతా సొంత ఊరి మీదనే ఉంటుంది, ఇక్కడి ఓటు వాళ్లకెందుకు?" అంటాము. భివండీ సాంచాల కార్మికులను గూర్చి, సూరత్‌లో ఉన్నవారిని గూర్చి మనం నలభై ఏండ్లుగా ఈ మాటే చెప్పుకుంటున్నాము.

పరిశోధనలో తేలినది వేరు. సొంత ఊరితో ఎంత సంబంధం ఉన్నదనే దానికీ, ఇక్కడ పేరు నమోదు చేసుకొనుటకు ఒప్పుకొనుటకూ పొత్తు కనబడలేదు. ఊరిలో ఇల్లు, పొలం, తల్లిదండ్రులు ఉన్నవారు కూడా ఇక్కడ చేరుటకు సిద్ధంగానే ఉన్నారు. అడ్డు పడినవి దరఖాస్తు, ఆధారపత్రాలు, కార్యాలయానికి తిరుగుడు. ఎవరో ఒకరు ఇంటికి వచ్చి ఫారం నింపి, కాగితాలు సరిచూచి సాయపడినచోట నమోదు నూటికి 24 పాళ్లు పెరిగినది. తరువాతి ఎన్నికలలో ఓటు వేసినవారు కూడా బాగా పెరిగినారు. ఇంకొక సంగతి. కొన్ని వాడలలో ఈ నమోదు జరుగుతున్నదని అక్కడి రాజకీయ నాయకులకు కబురు చేసినారు. అట్టి చోట్ల నాయకులు కొత్త ఓటర్లను విడిచిపెట్టలేదు. ప్రచారం పెంచి వారి గుమ్మాలకు వచ్చినారు. మన గల్లీలలో మురుగుకాలువ ఎందుకు బాగుపడదు, సాంచాల కరెంటు ధరను గూర్చి మన గోడు ఎందుకు ఎవరూ వినరు అని అడిగేవారు ఈ సంగతిని రెండుసార్లు చదువవలెనని కోరుచున్నాము. జాబితాలో లేని ఇంటికి ఎవరు వస్తారు?

ఇక పేర్ల సంగతి. దీనిని గూర్చి ఏ విదేశీ పండితుడూ మనకు చెప్పలేడు. ఇది మన ఇంటి వ్యవహారం. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. మహారాష్ట్రంలో పేరు, దాని తరువాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు అడుగుతారు. పెండ్లయిన స్త్రీకి తండ్రి పేరున్నచోట భర్త పేరు వస్తుంది. అందుచేత ఒకే మనిషి రేషను కార్డులో ఒక తీరుగా, ఆధార్‌లో ఒక తీరుగా, ఓటర్ల జాబితాలో మరొక తీరుగా కనబడుతున్నది. తమిళనాడులో ఇంటిపేరే పోయి, తండ్రి పేరులోని మొదటి అక్షరం మిగులుతుంది. పైగా తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం, క, గ లకు ఒకటే అక్షరం. మన బాలయ్య తమిళ జాబితాలోకి వెళ్లి, అక్కడి నుండి ఇంగ్లీషులోకి వచ్చేసరికి పాలయ్య కావచ్చును. గోవిందు కోవిందు కావచ్చును. బరంపురంలో ఒరియా లిపిలో వెంకటేశం భెంకటేశం అవుతాడు. ముసలివారు పోలింగు గుమ్మంలో తమ పేరు తామే గుర్తుపట్టలేక, "ఇది నేను కాదు" అని తిరిగివచ్చిన సందర్భాలు మేమెరుగుదుము. మనిషి ఫలానా అని తేలితే అక్షర దోషాలను పట్టించుకోరాదని ఎన్నికల కమిషన్ అధికారులకు చెప్పియున్నది. ఆ మాట మన ముసలివారికి ఎవరు చెప్పినారు? ఏ కరపత్రంలో ఉన్నది?

మన ఆడపడుచుల సంగతి మరింత చిక్కు. మనలో పెండ్లి సంబంధాలు రాష్ట్రాలు దాటుతాయి. సిరిసిల్ల పిల్ల షోలాపూర్‌కు, చీరాల పిల్ల సేలంకు కోడలుగా వస్తుంది. పుట్టింటి జాబితాలో పేరు ఉండిపోతుంది, అత్తింటి జాబితాలో చేరదు. చేరినా రెండు చోట్లా ఉంటుంది, అది చట్టరీత్యా కూడదు. 2025 నవంబరు 4 నుండి తమిళనాడులోనూ, యానాం ఉన్న పుదుచ్చేరిలోనూ జాబితాల ప్రత్యేక ముమ్మర సవరణ మొదలైనప్పుడు, ఇరవై ఏండ్లకు పూర్వపు జాబితాలో తమ పేరో, తల్లిదండ్రుల పేరో చూపవలసివచ్చినది. సేలంలో ఉన్న కోడలు చీరాలలోని తండ్రి పేరు పాత జాబితాలో ఏ పోలింగు కేంద్రం కింద ఉన్నదో వెతకవలెను. తమిళ కుటుంబపు కోడలికి అక్కడి జాబితా చాలును. మన కోడలికి మరొక రాష్ట్రపు, మరొక లిపి జాబితా కావలసివచ్చినది. ఇట్టి ఇబ్బంది ముందే ఊహించి, కోడండ్ర లెక్క తీసి ఉంచిన సంఘం ఒక్కటైనా ఉన్నదా? ఉంటే మాకు వ్రాయండి, వారి పద్ధతిని ఈ పత్రికలో సంతోషంతో ప్రకటిస్తాము.

కూలి సంగతిలో చట్టం మనకు అనుకూలంగానే ఉన్నది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో చేర్చిన 135బి సెక్షను ప్రకారం వ్యాపారంలో గాని, పరిశ్రమలో గాని పనిచేసేవారికి పోలింగు రోజు వేతనంతో కూడిన సెలవు ఇవ్వవలెను. రోజుకూలివారికి కూడా ఇది వర్తిస్తుంది. సెలవు లేకుంటే ఆ రోజు ఎంత సంపాదించివుండేవారో అంత ఇవ్వవలెనని చట్టం. తప్పిన యజమానికి 500 రూపాయల వరకు జరిమానా. ఐతే పీసు లెక్కన మజూరీ పుచ్చుకొనే సాంచాల కార్మికునికి ఆ "అంత" ఎంత? మన సంఘంలో కార్ఖానాదారులూ ఉన్నారు, కార్మికులూ ఉన్నారు. మేమిద్దరి పక్షమూ వినేవారమే. గడచిన నెల మజూరీని పని రోజులతో భాగించి ఒక రోజు లెక్క ఇచ్చుట ధర్మమని మా అభిప్రాయం. అంతకు ఒప్పని కార్ఖానాదారులు కనీసం పోలింగు నాడు పాళీలను మార్చి, సగం మందిని ఉదయం, సగం మందిని మధ్యాహ్నం వదలవచ్చును. చేతిమగ్గం వారికి, ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీలకు సెలవిచ్చేవారే లేరు. వారి రోజును వారి పనే నడుపుతుంది. తెల్లవారుజామున వీధిలో పడుగు సాచి గంజి పెట్టుటకు పది చేతులు కావలెను. ఎండ ఎక్కకముందే అది ముగియవలెను. బీడీలు కంపెనీకి అప్పగించుటకు ఒక వేళ ఉన్నది, అది తప్పితే ఆ రోజు పని వృథా. ఓటు "ఉదయాన్నే వేయండి" అని కరపత్రంలో వ్రాసే మనం, ఆ ఉదయం ఎవరి చేతిలో ఏమున్నదో చూడవద్దా?

ఇక్కడ మరొక పరిశోధన పనికివస్తుంది. 2008లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో డేవిడ్ నికర్సన్, టాడ్ రోజర్స్ అనేవారు ఓటర్లకు టెలిఫోను చేయించినారు. కొందరిని "ఓటు వేస్తారా?" అని మాత్రమే అడిగినారు. కొందరిని మాత్రం "ఎన్ని గంటలకు వెళ్తారు? ఎక్కడి నుండి వెళ్తారు? అంతకు ముందు ఏ పనిలో ఉంటారు?" అని అడిగినారు. రెండవ రకపు ప్రశ్నలు విన్నవారే ఎక్కువగా కదిలినారు. ఆ పెరుగుదల ముఖ్యంగా ఒకే ఓటరు ఉన్న ఇండ్లలో కనబడినది. నలుగురు ఓటర్లున్న ఇంట్లో "ఎప్పుడు పోదాం" అనే మాట ఎట్లాగూ వస్తుంది గదా! ఈ తేడాను మన వాడలకు పెట్టి చూడండి. షోలాపూర్‌లో కుటుంబంగా ఉన్నవారికి ఒక తీరు మాట కావలెను. భివండీలో ఒక గదిలో ఎనిమిది మంది ఉండి, బిస్సీలో తిని, పాళీల ప్రకారం వంతులవారీగా నిద్రపోయే మన యువకులకు వేరొక తీరు కావలెను. ఇంటి గడప లేనివారికి బిస్సీయే గడప. అక్కడ భోజనాల వేళకు వెళ్లి మాట్లాడవలెను.

స్త్రీలను గూర్చి ఒక మాట. పాకిస్తాన్‌లోని సింధు గ్రామాలలో 2008 ఎన్నికలకు ముందు ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు ఓటు సంగతి తెలియజెప్పినప్పుడు, వారిలో ఓటు వేసినవారు నూటికి సుమారు 11, 12 పాళ్లు పెరిగినారని జేవియర్ జీనే, ఘజాలా మన్సూరీ వ్రాసినారు. చెప్పబడిన స్త్రీల ఇరుగుపొరుగువారు కూడా పెరిగినారు. మన దేశంలో 2019 లోక్‌సభ ఎన్నికల నుండి స్త్రీల పోలింగు శాతం పురుషులను దాటినది, 2024లోనూ దాటియే ఉన్నది. ఐనా మన సంఘ సమావేశాలలో ఓటును గూర్చి మాట్లాడేది పురుషులే, వినేది పురుషులే. బీడీలు చుట్టే అరుగుల మీద నలుగురు స్త్రీలు కూర్చున్నచోట చెప్పిన మాట సాయంత్రానికి నలభై ఇండ్లకు పోతుందని మన ఇండ్లలోని పిల్లలకు కూడా తెలుసు.

ఇంతవరకు చెప్పినది విని కొందరు ఉత్సాహవంతులు మరొక మార్గం చెప్పవచ్చును. అదికూడా పరిశోధనలో ఉన్నదే. 2006 ఆగస్టులో మిషిగన్ రాష్ట్రంలో కొన్ని ఇండ్లకు ఒక ఉత్తరం పంపినారు. అందులో వారూ, వారి ఇరుగుపొరుగువారూ వెనుకటి ఎన్నికలలో ఓటు వేసినారా లేదా అని పేర్లతో సహా వ్రాసి, ఈసారి కూడా ఇట్లే అందరికీ పంపుతామన్నారు. ఏ ఉత్తరమూ అందనివారిలో నూటికి 29.7 మంది ఓటు వేస్తే, ఇది అందినవారిలో 37.8 మంది వేసినారు. ఇంత పెరుగుదల ఒక్క ఉత్తరంతో! మన గుడి గోడ మీద ఓటు వేయనివారి పేర్లు అంటిస్తే ఇంకా బాగా పనిచేస్తుందని ఎవరికైనా తోచవచ్చును.

ఆ పని చేయరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము. అక్కడ ఆ ఉత్తరం పంపినవారికీ, అందుకున్నవారికీ ముఖపరిచయం లేదు. మన దగ్గర నూలు ఇచ్చేవాడు, మజూరీ ఇచ్చేవాడు, పెండ్లికి పిలిచేవాడు, సంఘంలో తీర్పు చెప్పేవాడు ఒకే గల్లీలో ఉంటారు. వారు సిగ్గుపెట్టితే ఆ మనిషికి తలదాచుకొనే చోటు ఉండదు. ఈ రోజు "ఎందుకు వేయలేదు" అన్నవారు రేపు "ఎవరికి వేసినావు" అని అడుగరని ఏమి భరోసా? చట్టం కూడా దీనిని ఊహించినది. అదే ప్రజాప్రాతినిధ్య చట్టపు 123వ సెక్షనులో, ఓటరు హక్కులో జోక్యం చేసుకొని సాంఘిక బహిష్కారం, కులం నుండి వెలి అనే బెదిరింపులు పెట్టుటను అవినీతికర చర్యలలో చేర్చినారు. ఓటర్లను కేంద్రానికి ఉచితంగా చేర్చుటకు అభ్యర్థి పక్షాన వాహనాలు పెట్టుట కూడా అట్టిదే. ఊరి నుండి ఎవరో బస్సు పంపుతున్నారని ఎక్కేముందు, ఎక్కించేముందు మన సంఘాలవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను. సంఘం మనిషి గడప దగ్గర అడుగవలసినది పేరున్నదా, దారి తెలుసునా, వేళ కుదురునా అన్నంతవరకే. పార్టీ మాట ఎత్తిన కార్యకర్తను ఆ పని నుండి తప్పించవలెను.

మరి విచారణ ఎట్లు చేయవలెను? దీనికి విశ్వవిద్యాలయం అక్కరలేదు. ఎన్నికల కమిషన్ 2009-10 నుండి నడుపుతున్న "స్వీప్" అనే ఓటర్ల అవగాహన కార్యక్రమంలో కూడా ముందు ఓటర్ల జ్ఞానం, వైఖరి, నడవడిక తెలుసుకొనే సర్వే చేసి, పిమ్మట ప్రచారం తయారుచేయుట పద్ధతిగా ఉన్నది. వారి సర్వే రాష్ట్రానికి సరిపడేది. మన గల్లీ సంగతి అందులో కనబడదు. మనం ఒక పేటలో ముప్ఫై ఇండ్లు చీట్లు వేసి తీయవలెను. తెలిసినవారి ఇండ్లకే పోతే తెలిసిన జవాబులే వస్తాయి. ఒక స్త్రీ, ఒక పురుషుడు కలసి వెళ్లవలెను. "ఓటు వేసినారా?" అని మొదటనే అడుగరాదు. అడిగితే వేయనివారు కూడా మర్యాద కోసం "వేసినాము" అంటారు. ఇది లోకమంతటా ఉన్నదే. "పోయినసారి ఎన్ని గంటలకు వెళ్లినారు, ఎవరితో వెళ్లినారు, ఏ బడి, వరుస ఎంత ఉన్నది?" అని అడిగితే నిజం దానంతట అదే వస్తుంది. జాబితా వెంట తీసుకొనిపోయి, ఇంట్లో ఎవరి పేరున్నదీ ఎవరిది లేనిదీ అక్కడే చూచుట అన్నిటికంటె మేలు. పేరు లేనివారికి 6వ ఫారం, ఇల్లు మారినవారికి, పేరు తప్పు పడినవారికి 8వ ఫారం. 2022 నుండి 18 ఏండ్లు నిండినవారిని చేర్చుటకు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటవ తేదీలు నాలుగూ లెక్కకు వస్తున్నవి. కాబట్టి ఎన్నికల వేళ దాకా ఆగనక్కరలేదు. మా షోలాపూర్‌లో శ్రావణ పున్నమికి మార్కండేయ స్వామి రథోత్సవానికి బయటి ఊళ్ల నుండి కూడా మనవారు ఇండ్లకు వస్తారు. ఫారాల పని పెట్టుకొనుటకు అంతకంటె మంచి సమయం మాకు కనబడలేదు.

ఫలితం కనుక్కొనే దారి కూడా ఉన్నది. ఒక్కొక్క మనిషి ఓటు వేసినాడా అని వెంటబడి కనుక్కోనక్కరలేదు. ప్రతి పోలింగు కేంద్రంలో ఎన్ని ఓట్లు పడినవో 20వ ఫారంలో ప్రకటిస్తారు. ఒకే రకపు రెండు వాడలను తీసుకొని, నాణెం ఎగురవేసి, ఒకదానిలో గడప గడపకూ వెళ్లి, రెండవదానిలో పాత కరపత్రమే పంచి, పిమ్మట రెండు కేంద్రాల లెక్కలు చూడవచ్చును. ఒక కేంద్రంలో వెయ్యికి పైగా ఓటర్లుండవచ్చును, అందరూ మనవారు కారు. రెండు మూడు పాళ్ల తేడాను చూచి గెలిచినామని చాటుకోరాదు. ఐనా నాలుగైదు ఊళ్ల లెక్కలు ఒకచోట చేరితే ఏదో ఒకటి తెలుస్తుంది.

ఆలస్యం చేయుటకు వీలు లేదని మేమనుటకు కారణం ఉన్నది. న్యూహేవన్‌లో 1998లో గడప దగ్గర మాట విని ఓటు వేసినవారు, ఎవరూ పిలవకపోయినా 1999లో కూడా ఎక్కువగా వెళ్లినారని ఆ పండితులే తరువాత వ్రాసినారు. ఓటు అలవాటుగా మారుతుందన్నమాట. అలవాటు తప్పుట కూడా అట్లే. మా నగరపాలికకు 2017 ఫిబ్రవరిలో ఎన్నిక జరిగిన తరువాత మళ్లీ 2026 జనవరి 15న గాని జరగలేదు. దాదాపు తొమ్మిదేండ్లు! ఆ నడుమ 18 నిండిన పిల్లలు కార్పొరేటరు ఎన్నికలో ఓటు వేయుట అంటే ఏమిటో చూడకుండానే 26 ఏండ్లవారైనారు. నీళ్లకూ, మురుగుకాలువకూ, వీధి దీపానికీ ఆ ఎన్నికే గదా ముఖ్యం!

మా షోలాపూర్ శాఖ వరకు మేము చేయదలచినది ఇది. వచ్చే ఎన్నికలకు కరపత్రాలకని ఉంచిన సొమ్ములో మరాఠీలో ఒక చిన్న చీటీకి మాత్రం తీసి, మిగిలినది గడపలు తిరిగే ఆడపడుచులకు, యువకులకు కూలిగా ఇవ్వవలెనని కార్యవర్గం ముందు పెట్టుచున్నాము. వారికీ మగ్గం ఉన్నది, వారి పూట కూడా కూలి పూటే. మొదటి ముప్ఫై ఇండ్ల చీట్లు శ్రావణ పున్నమికి ముందటి ఆదివారం సంఘ కార్యాలయంలో అందరి ఎదుట తీస్తాము. భివండీ, సేలం, బరంపురం, యానాం శాఖలవారు తమ పేటలో అడుగవలసిన ప్రశ్నలు వేరుగా ఉంటే అంతకు ముందే మాకు వ్రాయగోరుచున్నాము. మా ప్రశ్నలు మీ గల్లీకి సరిపోతాయని మేమనుకొనుట లేదు.